కార్లైల్ పిల్లలు – 1912వ సంవత్సరపు ఆట

(యౌవనస్థుల క్రీడా దినమున చేసిన ప్రసంగము)



క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఆటగాడిని కాను. అందుచేత నాకు నచ్చిన ఒక జట్టు కథ చెప్పి కూర్చుంటాను.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మన బంతాట కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకన ఇరికించుకొని పరుగెత్తాలి. ఎదుటివారు మీదపడి నేలకు పడదోస్తారు. బలిష్ఠుల ఆట.

పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కార్లైల్ అనే ఊరిలో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక బోర్డింగు బడి తెరిచాడు. మనం రెడ్ ఇండియన్లని చదువుకొన్నామే, ఆ ఆదివాసుల పిల్లలను దూరదేశాల నుండి రైళ్లలో తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష మాట్లాడరాదని కట్టడి చేశారు. మేలు చేస్తున్నామనే వారు తలంచారు. ఇటువంటి బడులు అనేకము క్రైస్తవ సంఘాలే నడిపాయి. కనుక ఈ మాట మనం దాచుకోకూడదు. నేనూ బోర్డింగులో చదివినవాడినే. రాత్రి దీపమార్పిన తరువాత ప్రక్క పిల్లవాడితో ఇంటి కబుర్లు చెప్పుకోవడమే నాకు ఓదార్పుగా ఉండేది. ఆ పిల్లలకు అది కూడ లేదు.

కార్లైల్ పేరుకు పారిశ్రామిక పాఠశాల. అయినా పెద్ద పెద్ద కాలేజీలతో ఆడింది. పిల్లలు తేలికైనవారు గనుక వేగమును, యుక్తిని నమ్ముకొన్నారు. 1903లో హార్వర్డ్ మీద ఒకడు బంతిని చొక్కా వెనుక దాచుకొని మైదానమంతా పరుగెత్తాడు! చివరకు 12–11తో హార్వర్డే గెలిచిందనుకోండి. కాని నవ్విన నవ్వు కార్లైల్‌దే.

ఇక 1912. కోచ్ గ్లెన్ వార్నర్, అందరూ పాప్ వార్నర్ అనేవారు. జట్టులో జిమ్ థార్ప్, ఓక్లహామాకు చెందిన సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచి వచ్చాడు. సిరక్యూస్‌ను 33–0తో ఓడించారు. నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ మీద ఆడారు. ఇరవై రెండేండ్ల క్రితం, 1890లో, ఊండెడ్ నీ వద్ద స్త్రీలని, పసివారని చూడక కాల్చి చంపిన సైన్యమునకు అధికారులను తయారుచేసే చోటు అది. ఆ దినమున ఎవరి చేతిలోను తుపాకి లేదు. పదకొండుమందికి పదకొండుమంది. కార్లైల్ 27, సైన్యము 6. ఓడినవారిలో ఐసెన్‌హోవర్ అనే కుర్రవాడున్నాడు. తరువాత ఆ దేశాధ్యక్షుడైనవాడే.

వెనువెంటనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము చేతిలో 34–26తో ఓడిపోయారు. ఆ ఏట వారికి ఓటమి అదొక్కటే. పన్నెండు గెలుపులు, ఒక సమానము.

ఆ సంతోషము నిలువలేదు. థార్ప్ అంతకుముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో బయటపడి ఒలింపిక్ పతకాలు లాగుకొన్నారు. 1914లో బడి మీద కాంగ్రెసు విచారణ జరిగింది. విద్యార్థులే వచ్చి కోచ్ కఠినత్వమును గూర్చి సాక్ష్యమిచ్చారు. ఇది విన్న తరువాత వార్నర్‌ను పొగడటానికి నాకు నోరు రాదు. 1918లో బడి మూతపడింది. థార్ప్ 1953లో కన్నుమూశాడు. పతకాలు తిరిగి ఇవ్వాలని 1982లో తీర్మానించారు, అతడొక్కడే విజేత అని 2022లో ఒప్పుకొన్నారు. బ్రతికుండగా ఆ మాట అతడు వినలేదు.

కార్లైల్‌లో ఆట స్థలమే గాక శ్మశానము కూడ ఉంది. వ్యాధులతో చనిపోయిన పిల్లల సమాధులు నూటికి పైబడి, ఒకే తీరు తెల్లరాళ్లతో వరుసలుగా ఉన్నాయి. 2017 నుండి వారి వారి తెగల పెద్దలు వచ్చి, కొందరి అస్థులను తీసుకొని ఇంటికి వెళ్లారు.