దవావో నుంచి వచ్చిన బిడ్డ అడిగితే

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మన తెలుగు పిల్లలు చాలామంది డాక్టరు చదువు చదువుతున్నారు. సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ "అమ్మా, అక్కడ తిన్న తురోన్ చేసిపెట్టవా" అంటే, మన నారాయణపేటలో దానికి సరుకులు ఎక్కడ దొరుకుతాయని దిగులుపడకండి. కావలసినవి దాదాపు అన్నీ మన అంగట్లోనే ఉన్నాయి.

తురోన్ అంటే అరటిపండు చుట్ట. అక్కడ సబా అనే గట్టి రకం వాడతారు. మనం అప్పుడే పండిన, నొక్కితే మెత్తబడని పండు తీసుకుందాం. బాగా మాగితే నూనెలో కరిగిపోతుంది. పైపొరకు మైదాపిండి ముద్దలు రెండు తీసుకుని, మధ్యలో నూనె రాసి పొడిపిండి చల్లి, కలిపి పల్చగా ఒత్తండి. పెనం మీద సగం కాల్చి విడదీస్తే రెండు పొరలు వస్తాయి. నిలువునా చీల్చిన పండును చక్కెరలో దొర్లించి, పనస తొన ముక్క ఒకటి పెట్టి, చుట్టి, అంచును మైదా జావతో అంటించండి. పల్లీనూనె కాగాక రెండు చెంచాల చక్కెర వేయండి. అది కరిగి ఎర్రబడుతుండగా చుట్టలు వేసి తిప్పుతుంటే పాకం పట్టుకుంటుంది. ఆ పాకం చర్మానికి అంటుకుంటే నూనె కంటే ఎక్కువ కాలుస్తుంది. అందుకే చిన్నపిల్లలను పొయ్యి దగ్గరికి రానీయకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. తీసిన చుట్టలను ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పెట్టండి.

తురోన్ లాగే అక్కడిదే మరో తీపి వంట పలితావ్. జిగురుబియ్యం పిండిని నీళ్లతో కలిపి, చిన్న బిళ్లలుగా ఒత్తి, మరిగే నీళ్లలో వేస్తారు. పైకి తేలితే ఉడికినట్టే. వాటిని పచ్చికొబ్బరి తురుములో దొర్లించి, వేయించిన నువ్వులు, చక్కెర చల్లుతారు. బతుకమ్మకు నువ్వుల సద్ది కలిపే చేతులకు ఇది కొత్త పనేం కాదు. చిక్కంతా బియ్యం దగ్గరే. మన సోనామసూరికి ఆ సాగే గుణం లేదు. జిగురుబియ్యం పిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే నా సలహా. అది లేనప్పుడు మామూలు బియ్యప్పిండిని ఉండ్రాళ్లకు లాగా మరిగిన నీళ్లతో కలపండి. సాగదు కానీ, విరగదు, రుచిగానే ఉంటుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు చక్కెర చల్లకుండా ఒక్క బిళ్ల ఇవ్వండి.

పచ్చికొబ్బరి ఎండాకాలంలో తొందరగా పులుస్తుంది. పలితావ్ ఎంత తింటారో అంతే చేయండి.