జ్వరం తగ్గిందని కాపలా ఎత్తేస్తారా?

(వాడ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం)



కంకి గింజ పట్టగానే మంచె దిగి ఇంటికి పోయే రైతు ఉంటాడా? ఉండడు. మలేరియా విషయంలో మన సర్కారు మాత్రం ఆ పనే చేసింది. ఆ సంగతి మనకు తెలియాలి.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే చూశాడు. అయినా 50 ఏళ్ల తర్వాత, 1947లో, దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మందికి ఈ చలిజ్వరం, 8 లక్షల చావులు అని అంచనా. పనికి పోతేగాని పూట గడవని మనకు నాలుగు రోజుల జ్వరమంటే నాలుగు రోజుల పస్తు, ఆ వెనక వడ్డీ అప్పు.

1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇళ్ల గోడలకు డి.డి.టి. కొట్టారు. తర్వాత ఇంటింటికీ తిరిగి జ్వరమొచ్చినోళ్ల రక్తం తీసి చూశారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. చావు ఒక్కటీ లేదని లెక్క. అంటే సర్కారు తలుచుకుంటే చేయగలదు.

ఆ తర్వాతే పట్టు సడలింది. మందు వేళకు అందలేదు. దోమలు ఆ మందుకు చావడం మానేశాయి. పల్లెల్లో చాలినంత ఆస్పత్రులు, సిబ్బంది లేకుండానే ‘ఇక మీరే చూసుకోండి’ అని వాటి నెత్తిన పెట్టారు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి!

శ్రీలంక కూడా ఇలాగే దెబ్బ తింది. 1963లో 17 కేసులే ఉన్నాయి. అదుపు వదిలేశారు. 1969లో 5 లక్షలు దాటాయి. వాళ్లు పాఠం నేర్చారు. తర్వాత కేసులు తగ్గినా జ్వరాలు వెతకడం, రక్తం పరీక్షించడం ఆపలేదు. 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

మరి మనమేం చెయ్యాలి?

ఒకటి. వాడలో జ్వరాల పుస్తకం పెట్టండి. ఎవరికి, ఏ రోజు, రక్త పరీక్ష చేశారా, మందు పూర్తిగా మింగారా అన్నీ రాయండి. డాక్టరు 14 రోజుల మాత్రలు రాస్తే 14 రోజులూ మింగాలి. ఒళ్లు చల్లబడిందని మధ్యలో ఆపితే కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది. సర్కారు చేసిన తప్పు మన ఇంట్లో చెయ్యొద్దు.

రెండు. దోమ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి తొట్లు, కుండలు కడిగి ఎండబెట్టండి. వాడ పక్క నీటి గుంటలు పూడ్చడం మాత్రం పంచాయతీ పని. అది మన మీదికి నెడితే ఒప్పుకోవద్దు.

మూడు. గ్రామసభలో లేచి అడగండి. ఆరోగ్య కేంద్రంలో ఖాళీలెన్ని? మా వాడకు మందు కొట్టేదెప్పుడు? పంపు మోసే కూలీకి సీజను పోయాక జీతమేది? కాపలా ఏడాది పొడుగునా కావాలంటే కాపలావాడికి కూలీ కూడా ఏడాది పొడుగునా కావాలి. ఇది బిచ్చం కాదు. ప్రజల ఆరోగ్యం పెంచడం ప్రభుత్వ బాధ్యత అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది.

కేసులే లేవు, ఇంకా డబ్బెందుకు అని ఎవరన్నా అంటే, 1965 తర్వాత ఏమైందో 1976 లెక్క చూపించి చెప్పండి. కాపలా తీసేస్తే ముందు మునిగేది ఊరి చివర ఉన్న మన వాడే.

జై భీమ్!