ఊపిరితిత్తులు రక్తమునకు ప్రాణవాయువు నిచ్చు విధము
పాడునూతులలోను, మురికిగోతులలోను జరుగు మరణములకు కారణము

(పురపాలక సంఘముల ఉద్యోగులకును, తాలూకా ఉద్యోగులకును ఉద్దేశింపబడిన ఉపన్యాసము)



పాడునూతిలో పూడిక తీయుటకో, సెప్టిక్ ట్యాంకు శుభ్రపఱచుటకో ఒకడు దిగును. కొంతసేపటికి పైవారు పిలిచినను పలుకడు. వానిని తీసికొని వచ్చుటకు అన్నయో బావమఱదియో దిగును; అతడును పలుకడు. మూడవవాడు నడుమునకు త్రాడైనను కట్టుకొనకయే దిగును. పిదప పంచాయతుదారులు వత్తురు. పంచనామాలో “ఊపిరాడక మరణము” అని వ్రాసి సంతకములు చేయుదురు. ఆ మాట సరియైనది కాదు. తుదివఱకును వానికి ఊపిరి ఆడుచునే యుండెను. ఆడిన ఊపిరియే వాని ప్రాణమును తీసెను. ఇది యెట్లు సంభవించునో తెలియవలెనన్నచో ఊపిరితిత్తుల పని కొంత తెలియవలెను.

ముక్కున పీల్చిన గాలి వాయునాళము గుండ దిగి, చెట్టుకొమ్మల వలె సుమారు 23 మాఱులు చీలిన గొట్టముల గుండ పోయి, తుదకు మిక్కిలి చిన్నవైన గాలిగదులను చేరును. పెద్దవారి ఊపిరితిత్తులలో ఇట్టి గదులు 30 కోట్లని వెనుకటి గ్రంథములు చెప్పెను. 2004లో ప్రకటింపబడిన లెక్కలో సగటున 48 కోట్లని తేలినది. వీని గోడలను విప్పి పఱచినచో సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక మోస్తరు ఇంటి నేల యంత యగును. ప్రతి గదిని సన్నని నెత్తురు గొట్టములు వలవలె అల్లుకొని యుండును. వీనికి కేశనాళికలని పేరు. 1661లో ఇటలీ దేశపు వైద్యుడు మాల్పీగి కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరిశీలించి వీనిని లోకమునకు తెలిపెను. గదిలోని గాలికిని గొట్టములోని రక్తమునకును నడుమనున్న పొర మందము మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు.

ఈ పొర ప్రాణవాయువును తన శ్రమచే లోనికి నెట్టునని డెన్మార్కు దేశమున క్రిస్టియన్ బోర్ వంటి పండితులు నమ్మియుండిరి. ఆయన శిష్యుడగు ఆగస్టు క్రోగ్, అతని భార్య మరీ క్రోగ్ 1910లో కొలతలు ప్రకటించి అది సరి కాదని చూపిరి. నీరు పల్లమునకు పాఱునట్లు వాయువు ఎక్కువ ఒత్తిడిగల చోటినుండి తక్కువ ఒత్తిడిగల చోటికి తనంతట వ్యాపించును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులు. గాలిగదిలో దాని ఒత్తిడి పాదరసపు కొలతచే సుమారు 100 మిల్లీమీటర్లు. ఒడలంతయు తిరిగి వచ్చిన రక్తములో 40. ఈ 60 మిల్లీమీటర్ల తేడాయే సమస్తమును నడుపుచున్నది. రక్తము గదిచుట్టు ఉండునది ముప్పాతిక సెకను మాత్రమే; అందు మొదటి పావు సెకనులోనే ఒత్తిళ్లు సమానమగును. చేరిన వాయువును రక్తకణములలోని హీమోగ్లోబిన్ పట్టి యుంచును. దానివలననే 100 మిల్లీలీటర్ల రక్తము సుమారు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలుగుచున్నది. కరగి యుండునది మిల్లీలీటరులో మూడవ వంతైనను లేదు.

ఇక గోతిలోనికి పోవుదము. అడుగున ఆకులు, పేడ, మురికి కుళ్లునపుడు సూక్ష్మజీవులు అచ్చటి ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. అది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది గావున గాలి తగలని చోట అడుగుననే నిలుచును. మూసియుంచిన ఇనుపతొట్టిలో త్రుప్పు పట్టుటయు ప్రాణవాయువును హరించును. అట్టి తావున అది నూటికి 5 వంతులకు దిగినదనుకొందము. ఊపిరిమార్గమున తడిసిన పిమ్మట దాని ఒత్తిడి 36 మిల్లీమీటర్లకు మించదు. రక్తములో నున్నదో 40. పల్లము తారుమాఱైనది! పొరకు ఇది తెలియదు. ఏ వైపునుండి వచ్చినను దాటనిచ్చును. ప్రాణవాయువు రక్తమునుండి ఊపిరితిత్తిలోనికి, అచ్చటినుండి గోతిలోనికి పోవును. మనుష్యుడు ఎంత గట్టిగా పీల్చిన అంత త్వరగా పోగొట్టుకొనును. నీటమునిగి ఊపిరి బిగబట్టినవాడు ఒక నిమిషమైనను తెలివితో నుండగలడు. ఇట్టి గాలిని పీల్చినవాడు అంతకు ముందే కూలవచ్చును.

వానికి ముందుగా తెలియదా యని అడుగవచ్చును. ఊపిరి సలుపని బాధను ప్రధానముగా కలిగించునది రక్తములో పెరుగు బొగ్గుపులుసు వాయువే గాని ప్రాణవాయువు తఱుగుదల కాదు. త్రుప్పు పట్టిన తొట్టిలో ఆ బాధయే యుండక మనస్సు మందగించి మోకాళ్లు వంగిపోవును. మురికిగోతులలో మఱియొక శత్రువు కలదు. కుళ్లిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు పది లక్షల వంతులలో 100 వంతులకు చేరునప్పటికి ముక్కు మొద్దుబాఱి వాసనయే తెలియదు. వాసన పోయినది గావున గాలి బాగుపడెనని దిగినవారు కలరు. ఈ వాయువు ఒడలి కణములనే చెఱచును. రక్తము ప్రాణవాయువును తెచ్చి యిచ్చినను అవి వాడుకొనలేవు.

పల్లెలలో దీపము దింపి చూచు ఆచారము కలదు. ప్రాణవాయువు 16, 17 వంతులకు దిగినపుడు దీపము ఆఱును గావున అది బొత్తిగా అర్థములేనిది కాదు. అయినను సల్ఫైడును అది చూపదు. మండెడు వాయువున్న మురికిగోతిలో ప్రేలుడునకు కారణమగును. దానిని మాన్పింపవలెను. వాయువులను కొలుచు యంత్రమును పైన, నడుమ, అడుగున త్రాడుతో దింపి చూడవలెను. ప్రాణవాయువు 19.5 వంతులకు తక్కువైనచో ఎవ్వరును దిగరాదు. పంకాతో మంచిగాలిని లోనికి తోలుట పని ముగియువఱకు ఆగరాదు. ముక్కునకు కట్టిన గుడ్డ లేని ప్రాణవాయువును పుట్టింపలేదు.

2013 నాటి చట్టము 7వ సెక్షను, రక్షణలు లేక మనుష్యులను మురుగుకాలువలలోను సెప్టిక్ ట్యాంకులలోను దింపుటను ఏ వ్యక్తికిని, ఏ స్థానికసంస్థకును, ఏ ఏజెన్సీకిని నిషేధించినది. మొదటి తప్పునకు రెండేండ్ల వఱకు ఖైదు, రెండు లక్షల రూపాయల వఱకు జరిమానా, లేక రెండును. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబమునకు 2014లో సుప్రీంకోర్టు నిర్ణయించిన 10 లక్షల పరిహారమును అదే కోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచెను. పాడునూతులు ఆ చట్టమునకు వెలుపలివి. రక్తమునకు ఆ తేడా లేదు.

ఎవడైనను లోపల పడినచో వెంటనే మఱియొకని దిగనీయరాదు. దిగినవాని ఒడలికి ముందే పట్టీలు, త్రాడు, పైన కప్పీ ఉన్నచో పైనుండియే లాగవచ్చును. లేనిచో గాలి తోలుచు, స్వంతగాలి సాధనములుగల అగ్నిమాపకదళమును పిలువవలెను. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషములలోనే చెడనారంభించును గావున ఈ సామగ్రి గోతియొద్దనే యుండవలెను గాని కచేరీ గదిలో కాదు. పైకి తీసిన వానికి నాడి యుండి ఊపిరి లేకున్నచో సంచీ, ముసుగుగల సాధనముతో గాలి ఊదవలెను. సల్ఫైడు సోకినవానికి నోటితో ఊదుట ఊదువానికే అపాయము. ఆ వాయువు లేని నూతినుండి తీసినవానికి, సాధనము దొరకనపుడు, నోటితోనైనను ఊదవచ్చును. విడిచిన ఊపిరిలో ఇంకను సుమారు 16 వంతుల ప్రాణవాయువు మిగిలియుండును. పల్లమును మఱల రక్తము వైపునకు త్రిప్పుటకు అది చాలును.