కారు పంకా - కాలిన నిరోధకం

గత పుష్యమాసంలో మేము కుటుంబంతో అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాము. తెల్లవారుజాము. బయట పొగమంచు, లోపల మా ఊపిరి ఆవిరి ముందు అద్దానికి పట్టి బాట మసకబారినది. అద్దం తేటపడుటకై హీటరు పంకా వేస్తే మొదటి మూడు వేగాలలో ఉలుకు లేదు, పలుకు లేదు. నాలుగవ వేగానికి త్రిప్పగానే గాలివాన వలె హోరుమన్నది.

కొండ దిగిన తరువాత ఒక మెకానిక్కు చూసి, "మోటారు పోయిందండీ, కొత్తది వేయాలి" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మోటారే పోతే నాలుగవ వేగంలో మాత్రం ఎట్లా తిరుగుతున్నది?

మీ ఇంటి రేడియోలో నిరోధకాలు ఉన్నట్లే, ఈ పంకా దారిలోను ఒకటి ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులూ మోటారుకు చేరితే అది పూర్తి వేగంతో తిరుగుతుంది. వేగం తగ్గించవలెనంటే విద్యుత్తును నిరోధకపు తీగచుట్టల గుండా నడిపించాలి. ఒక ఓము నిరోధంలో 6 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ 6 వోల్టులు ఖర్చయి, 36 వాట్ల వేడి పుడుతుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలు. అందుకే నిరోధకాన్ని గాలిగొట్టంలోనే అమర్చుతారు. పంకా గాలే దానిని చల్లార్చుతుంది. వేడి మితిమీరితే తెగిపోయే చిన్న ఫ్యూజు కూడ సాధారణంగా దానిపైనే ఉంటుంది. నాలుగవ వేగానికి నిరోధకంతో పని లేదు, విద్యుత్తు తిన్నగా మోటారుకే పోతుంది. కనుక మా కారులో తెగినది ఫ్యూజు అని తేలినది.

ఈ మాట విని మెకానిక్కు, "అయితే ఒక వైరు ముక్క పెట్టి టంకం వేసేస్తాను, పైసా ఖర్చు లేదు" అన్నాడు. నేను గట్టిగా వారించవలసి వచ్చినది. బ్రిటనులో వాక్స్‌హాల్ పేరుతో అమ్ముడైన జఫీరా-బి కార్లు అనేకం ఈ హీటరు దగ్గరే అంటుకొని కాలిపోయినవి. 2015లో ఆ సంస్థ రెండు లక్షలకు పైగా కార్లను పరీక్షకు పిలిపించి, ఈ ఫ్యూజును తగని రీతిని మరమ్మతు చేయడమే కారణమన్నది. అంతటితో తీరలేదు, 2016లో మరల పిలిపించవలసి వచ్చినది. సంస్థ చేసిన జాప్యాన్ని 2017లో కామన్స్ సభ రవాణా సంఘం తీవ్రంగా విమర్శించినది. తెగవలసిన ఫ్యూజు తెగకపోతే తీగచుట్ట ఎర్రగా కాలి చుట్టూ ఉన్న ప్లాస్టిక్కును అంటిస్తుంది. ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్ళ యెదుటనే!

కొత్త నిరోధకం మార్చడం కష్టం కాదు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనుక, పంకా గూటికి రెండు మరలతో బిగించి ఉంటుంది. మొదట బ్యాటరీ నెగటివు తీగ విప్పాలి. ఉష్ణోగ్రతను తానే సవరించుకొనే కొత్తరకపు కార్లలో దీనికి బదులు ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది. దానికీ దీనికీ పొత్తు లేదు, కొనేటప్పుడు కారు నమూనా చెప్పి అడగాలి.

అసలు పని తరువాత ఉన్నది. పాతది ఎందుకు కాలినది? మేము గూటిలో చేయి పెడితే పిడికెడు ఎండు వేపాకులు వచ్చినవి. మా కారు ఏడాది పొడుగునా చెట్టు క్రిందనే ఉంటుంది మరి. ఆకులు అడ్డుపడితే గాలి తగ్గుతుంది, నిరోధకం చల్లారదు. పంకాను వ్రేలితో త్రిప్పి చూడాలి. బిగువుగా తిరిగితే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతున్నదన్నమాట, అప్పుడు దానినీ మార్చవలసినదే. మాది సులువుగానే తిరిగినది. కాని తీగల కప్లరు ఒక మూల కరిగి నల్లబడి ఉన్నది. దానిని అట్లే ఉంచితే కొత్త నిరోధకం ఎన్నాళ్ళో నిలవదు, అదీ మార్పించినాము.

ఇంకొక మాట. నిరోధకాన్ని చేతిలో పట్టుకొని పంకా వేసి పరీక్షించరాదు. గాలి తగలక క్షణాలలో చేయి కాలుతుంది. గూటిలో బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, నాలుగు వేగాలలోను నడిపి చూసిన తరువాతనే గ్లవ్ బాక్సు మూయాలి. మేము అట్లే చేసినాము. మొదటి వేగం ఎంత నెమ్మదిగా వీచినదంటే, పంకా తిరుగుతున్నదో లేదో తెలియక మా అబ్బాయి గాలి వచ్చే చోట కాగితం ముక్క పట్టి చూసినాడు.