టోబా బూడిద, మన ఒర్రెలు
(మహబూబ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ కూడామో, ఆ సారు భూగోళం పాఠాన్ని గుట్ట మీద చెప్పేవారు. పిల్లలు కూర్చున్న బండ వయసుతోనే పాఠం మొదలయ్యేది. అందుకని నేను కూడా రాయి సంగతే ఎంచుకున్నాను.

నల్లగొండ, పాలమూరు గుట్టల గ్రానైటుది దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసు. దాన్ని చీల్చుకుని బారులు తీరిన నల్లరాతి గట్లు పగుళ్ళలోకి ఎక్కి గడ్డకట్టిన శిలాద్రవం. నారాయణపేట, మద్దూరు, కోటకొండ దగ్గరి కింబర్లైటు గొట్టాలు 110 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చాయి. కొడంగల్ వైపు నల్లరేగడి కింద ఉన్నది 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ లావా. ఇవన్నీ ఎప్పుడో చల్లారిన నిప్పులు. ఇంకా చల్లారని అగ్నిపర్వతం ఒకటి మాత్రం మన నేల మీద తన బూడిద చల్లింది. అది ఉన్నది సుమత్రా దీవిలో, ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. పేరు టోబా.

ఇప్పుడు అక్కడికి వెళ్తే కనిపించేది కొండ కాదు, సరస్సు. పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30, లోతు కొన్నిచోట్ల 500 మీటర్లు. ఆ సరస్సే అగ్నిపర్వతపు నోరు. ధాన్యం తీసేశాక పాతర పైకప్పు కుంగినట్టు, లోపలి శిలాద్రవం ఒక్కసారిగా బయటికి పోయేసరికి పైనున్న నేలంతా కూలి గుంటపడింది. అలాంటి గుంటనే కాల్డెరా అంటారు. టోబాలో ఇది ఒక్కసారి జరిగింది కాదు. సుమారు 12 లక్షల ఏళ్ళ కిందట ఒకటి, 8.4 లక్షల ఏళ్ళ కిందట మరొకటి, 5 లక్షల ఏళ్ళ కిందట ఇంకొకటి, చివరగా 74 వేల ఏళ్ళ కిందట అన్నిటినీ మించినది పేలాయి. సముద్రం అడుగున ఇండో-ఆస్ట్రేలియా పలక సుమత్రా కిందికి దూరుతూ ఉండటమే వీటన్నిటికీ మూలం. 2004 డిసెంబరు 26న మన కోస్తాను తాకిన సునామీకి కారణమైన భూకంపం పుట్టింది కూడా ఆ పలక అంచు వెంబడే.

చివరి పేలుడులో బయటపడ్డ పదార్థం సుమారు 2,800 ఘనపు కిలోమీటర్లని అంచనా. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విస్తీర్ణం 18,400 చదరపు కిలోమీటర్ల పైమాట. ఆ పదార్థమంతా ఒక్క మన జిల్లా మీదే పరిస్తే 150 మీటర్ల ఎత్తు లేస్తుంది. ఆ తరవాత కూడా టోబా నిద్రపోలేదు. కింద మళ్ళీ చేరిన శిలాద్రవం సరస్సు అడుగును వందల మీటర్లు పైకెత్తింది. ఆ ఎత్తిన నేలే సమోసిర్ దీవి. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఒండ్రు ఇప్పుడు ఆ దీవి మీద కనిపిస్తుంది. పక్కనే పుసుక్ బుహిత్ కొండ దగ్గర వేడినీటి బుగ్గలు నేటికీ ఉన్నాయి.

బూడిద గాలితో పడమటికి కొట్టుకొచ్చింది. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల అడుగున, ఆఫ్రికాలో మలావి సరస్సు మట్టిలో కూడా దాని గాజు రేణువులు దొరికాయి. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలో పొరగా ఉంది. మనకు కృష్ణ దాటాక, బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు వాగు లోయలో ఉంది. ఆకాశం నుంచి రాలింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టూ ఉన్న వాలుల మీది బూడిదను వానలు కడిగి లోయలో పోయడం వల్ల అక్కడ అది రెండు మీటర్ల పైన పేరుకుంది.

ఈ జ్వాలాపురం విషయంలో కొంచెం ఆగుతాను. అప్పట్లో ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయంలో ఉన్న రవి కొరిశెట్టర్, కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాలియా బృందం అక్కడ తవ్వి, 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైన కూడా దొరికాయి. రెండూ ఒకే తీరువి. కింద పొరలో గీతలు పడ్డ జాజు ముక్క ఒకటి దొరికింది. మన పల్లెల్లో గోడ అంచులకు పూసే జాజే అది.

టోబా పేలుడు వల్ల ఏళ్ళ తరబడి ఎండ మరుగుపడి మనుషులు దాదాపు అంతరించారన్న వాదం 1990ల నుంచి గట్టిగా వినబడుతోంది. సోన్ లోయలో అడవి తగ్గి గడ్డినేల పెరిగిన ఆనవాళ్ళు బూడిద పైపొరల్లో ఉన్నమాట నిజమే. కానీ జ్వాలాపురం పనిముట్లు వేరే మాట చెబుతున్నాయి. 2020లో సోన్ లోయలోని ధాబా నుంచి వచ్చిన ఫలితాలు వాటికి బలం ఇచ్చాయి. అక్కడ 80 వేల ఏళ్ళ నుంచి పనిముట్ల వరస తెగలేదు. ఆ కాలపు మనిషి ఎముకలు దొరకలేదు కాబట్టి ఆ పనిముట్లు చేసినవాళ్ళు ఏ మానవజాతి అన్న వాదన సాగుతూనే ఉంటుంది. నా మటుకు నేను నమ్మేది ఇది: నేల దెబ్బతిన్నది, బతుకు కష్టమైంది, కానీ మనిషి ఈ గడ్డను వదలలేదు.

ఉత్తరాన సోన్, దక్షిణాన జుర్రేరు. మధ్యలో ఉన్న మన చెలకల మీద కూడా ఆ బూడిద రాలే ఉంటుంది. ఎత్తు నేలల మీద అది నిలవదు, వానకు కడుక్కుపోతుంది. నిలిచేది పల్లాల్లో, ఒర్రెల గట్లలో. దుందుభి, హాలియా, మూసీ ఒడ్లు కోసుకుపోయిన చోట ఎర్రమట్టి నడుమ తెల్లగా, తేలికగా, వేళ్ళ మధ్య గరగరలాడే పొర కనిపిస్తే వదిలిపెట్టకండి. సున్నపు గడ్డల పొర కూడా అలాగే కనిపించి మోసం చేస్తుంది. దాని మీద కాస్త నిమ్మరసం పిండితే పొంగుతుంది. బూడిద పొంగదు. ఆపైన తేల్చేది సూక్ష్మదర్శిని: వంపు తిరిగిన గాజు పెంకుల్ని చూసి, వాటి రసాయన కూర్పును టోబా గాజుతో పోల్చి చెబుతారు.

పొర దొరికితే తవ్వి తీయకండి. కింద ఏముందో, పైన ఏముందో ఒకే గోడలో నిలువునా కనిపిస్తేనే ముందువెనకలు తేలతాయి. జ్వాలాపురంలో బూడిదను సరుకుగా తవ్వుకుపోయిన గోతులున్నాయి. మిగిలిన పొరలో కొంత భాగాన్నైనా ప్రభుత్వం కంచె వేసి కాపాడాలి. మన దగ్గర కల్వకుర్తి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కాలువలు నేలను లోతుగా కోశాయి. ఇకముందు కాలువ తవ్వే ప్రతిచోటా సిమెంటు లైనింగు పడకముందే ఆ కోతల్ని చూసి, ఫోటోలు తీసి, చిటికెడు మట్టి నమూనా భద్రపరిచే పనిని మన డిగ్రీ కాలేజీల పిల్లలకు అప్పజెప్పమని కోరుతున్నాను.