ఒక్కరోజే గదా!



పల్నాడులో పత్తి తీతలు, మిరపకోతలు వచ్చాయంటే ఊళ్ళకు తీరిక ఉండదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే ఆటోలు వచ్చి నిలబడతాయి. ఆడవాళ్ళు క్యారేజీలు కట్టుకుని కూలికి పోతారు. ఆ రోజుల్లోనే బడిలో పిల్లలు పలచబడతారు.

ఎందుకని? కొందరు తల్లి వెంట చేలోకి పోతారు. కొందరు ఆడపిల్లలు చంటిబిడ్డను ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతారు. కొందరు గంట కొట్టాక వస్తారు. ఏమ్మా అని అడిగితే తల్లి ఏమంటుంది? "ఒక్కరోజే గదా మేడంగారూ!" అంటుంది.

తల్లి కష్టం అబద్ధం కాదు. కూలి లేకపోతే పొయ్యి వెలగదు. అయినా ఒక లెక్క చూడాలి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 రోజులు బడి జరగాలని ఆ చట్టం చెబుతుంది. వారానికి ఒక్కరోజు మానితే ఏడాదికి సుమారు 36 రోజులు పోతాయి. అంటే నెలకు పైగా చదువు పోయినట్టే.

ఆలస్యం సంగతి చూడండి. రోజూ 20 నిమిషాలు ఆలస్యమైతే 220 రోజులకు 4,400 నిమిషాలు. అంటే 73 గంటలు. రోజుకు ఆరు గంటల బడి అనుకుంటే 12 రోజులు పోయినట్టు. పిల్ల రోజూ బడికి వస్తున్నా ఆ 12 రోజులు రానట్టే!

మీరు అక్షరాలు నేర్చుకున్న రోజులు గుర్తు చేసుకోండి. గుణింతం చెప్పిన రాత్రి రాకపోతే మర్నాడు పాఠం అందిందా? పిల్లలకూ అంతే. కూడిక రాని పిల్లకు గుణకారం రాదు. తెలియక వెనక కూర్చుంటుంది. సిగ్గుపడుతుంది. ఒకరోజు "నేను బడికి పోనమ్మా" అంటుంది. బడి మానిన ఆడపిల్లకు పెళ్ళిమాట ముందే వస్తుంది. ఒక్కరోజుతో మొదలైంది అక్కడిదాకా పోతుంది.

2020లో అమ్మ ఒడి వచ్చింది. 2025లో తల్లికి వందనం వచ్చింది. రెండింటికీ నూటికి 75 వంతుల హాజరు ఉండాలన్నారు. అయితే 75 ఉంటే చాలు అనుకోకూడదు. 220 రోజుల్లో 165 రోజులు వస్తే ఆ హాజరు సరిపోతుంది. కానీ మిగిలిన 55 రోజుల పాఠాలు ఎవరు చెబుతారు?

మరి ఏం చేయాలి?

పుస్తకాల సంచి, బట్టలు రాత్రే సర్ది పెట్టాలి. తల్లి ముందే కూలికి పోతే వీధిలోని పెద్దపిల్లలు చిన్నవాళ్ళను వెంటబెట్టుకుని బడికి పోవాలి. గంట వేళకు తరిమి పంపే పని ఇంటి ముసలమ్మకో, పొరుగామెకో అప్పజెప్పాలి. ఒంటిపూట బడులు వస్తే వేళ మారుతుంది. అది ముందే కనుక్కోవాలి.

మూడేళ్ళు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపవచ్చు. అంతకన్నా చిన్నబిడ్డలుంటే కూలికి పోయే ఆడవాళ్ళు వంతులు వేసుకోవాలి. రోజుకొకరు ఆగి బిడ్డలను చూస్తే, ఆమె కూలి మిగతావాళ్ళు తలాకాస్త వేసుకోవచ్చు. ఈ మాట పొదుపు సంఘంలో మాట్లాడండి.

కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చేవాళ్ళ పిల్లలకూ ఈ హక్కు ఉంది. టి.సి. రాలేదని, ఏడాది మధ్యలో వచ్చారని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. వాళ్ళ తల్లులకు ఆ సంగతి చెప్పండి.

ఇంకొక పని ఉంది. అది మీ చేతిలోనే ఉంది. గోడకు క్యాలెండరు ఉంటుంది గదా! పిల్ల బడికి పోయిన రోజు 'వ' అని రాయండి. పోని రోజు 'రా' అని రాయండి. ఆలస్యమైతే 'ఆ' అని రాయండి. నెలాఖరున లెక్కపెట్టండి. తర్వాత బడికి పోయి హాజరు పట్టీ చూపించమని అడగండి. ఒకప్పుడు అక్కడ ఏముందో ఎవరైనా చదివి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు బిడ్డ పేరు మీరే చదువుకోగలరు.