నదీజలములలో మీనముల వంతు
(ఒక పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



నదికి ఆనకట్ట కట్టిన పిమ్మట ఆ నీటికి హక్కుదారులెవ్వరని యడిగినచో సేద్యకాండ్రని, పట్టణవాసులని, విద్యుచ్ఛక్తిని గైకొను కర్మాగారములని వెంటనే చెప్పుదుము. ఆనకట్ట పుట్టుటకు ఎన్నో యుగములకు ముందే ఆ నీటిలో కాపురమున్న చేపలను పేర్కొనువారు లేరు. అవి న్యాయస్థానమునకు రాజాలవు. వకాలతునామాపై వ్రేలిముద్ర వేయజాలవు. న్యాయవాద వృత్తిలోనున్న మేము నేడు ఆ నోరులేని కక్షిదారుల వ్యాజ్యెమును మీ ముందుంచుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కొలరాడో నదిని నిదర్శనముగా గైకొందము. పూర్వమది మన గోదావరివలెనే కాలమెరిగి నడచిన నది. మంచు కరగిన దినములలో ఎర్రని బురదనీటితో ఉప్పొంగెడిది, వేసవిలో వెచ్చబడెడిది, శీతకాలమున గడ్డకట్టునంత చల్లబడెడిది. అందు హంప్‌బ్యాక్ చబ్ అను చేప గలదు. తలవెనుక ఎద్దు మూపురమువంటి గూను దాని గురుతు. మన బొచ్చె, రాగండి చేపలకది దూరపు జ్ఞాతి. ముప్పది యేండ్లకు పైగా బ్రదుకగలదు. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టినది 1946లో. 1967 నాటికే అది నశించిపోవు జీవుల పట్టికకెక్కెను.

ఇట్లేల జరిగెను? 1963లో అరిజోనా రాష్ట్రమున 710 అడుగుల యెత్తుగల గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూయబడెను. బురద, ఇసుక జలాశయములోనే అడగిపోయెను. అడుగునుండి వచ్చు నీరు ఏడాది పొడుగున బావినీటివలె చల్లనైపోయెను. గ్రుడ్లు పొదుగుటకు ఈ చేపకు 16 డిగ్రీలకు పైబడిన వెచ్చదనము కావలెను. దిగువ నదిలో 10 డిగ్రీల ప్రాంతమున నీరు పారసాగెను. ఇదిగాక విద్యుత్తు గిరాకిని బట్టి పగలు ప్రవాహమును పెంచి రాత్రి తగ్గించుచుండుటచే తీరములు దినదినమును తడిసి యెండుచుండెను. పైక్‌మిన్నో, బోనీటెయిల్ అను జాతులు గ్రాండ్ కాన్యన్ లోయనుండి అదృశ్యములయ్యెను. చబ్ మాత్రము లిటిల్ కొలరాడో అను ఉపనది వెచ్చని నీటినాశ్రయించి ప్రాణము నిలుపుకొనెను.

ఇక శాసనమేమి చేసినదో చూతము. 1973లో అచట నశించు జీవుల రక్షణ శాసనము పుట్టెను. 1978లో సుప్రీముకోర్టు స్నెయిల్ డార్టర్ అను మూడంగుళముల చేపకొరకు, దాదాపు ముగిసిన టెల్లికో ఆనకట్టను ఆపివేసెను. మరుసటియేడే శాసనసభ ఆ కట్టకు ప్రత్యేకముగా మినహాయింపునిచ్చి తీర్పును వమ్ముచేసెను. చేపయో, ఆనకట్టయో తేల్చుకొనుడన్నచో బలవంతునిదే పైచేయియని ఈ వ్యాజ్యెము తెలుపుచున్నది. కొలరాడోపై త్రొక్కిన దారి వేరు. 1992లో వచ్చిన గ్రాండ్ కాన్యన్ రక్షణ శాసనము ఆనకట్టను కూల్చుమనలేదు. దిగువ లోయకు హాని తగ్గునట్లు దానిని నడుపుమని విధించెను. కట్ట యుండును, తలుపు తెరచు పద్ధతి మారవలెను. అదియే మా వాదమునకు మూలము.

1996 మార్చిలో ఏడుదినములపాటు 45,000 క్యూసెక్కుల వరదను బుద్ధిపూర్వకముగా వదలిరి. చేపపిల్లలు తలదాచుకొను మడుగులేర్పడుటకు ఇసుకతిన్నెలు కావలెనని వారి యుద్దేశము. ఇసుక లేచెను గాని, దానిలో చాలభాగము పాత తిన్నెలనుండి కొట్టుకొనివచ్చినదేయని పిదప తేలెను. అందుచే ఇటీవలి కృత్రిమ వరదలను పరియా అను ఉపనది క్రొత్త ఇసుకను తెచ్చి పోసిన పిమ్మటనే వదలుచున్నారు. మరియొక సూక్ష్మమును వినుడు. నదిలోని పురుగులు నీటియంచున గ్రుడ్లు పెట్టును. నీరు తీసిన గంటలలో అవి యెండిపోవును. పురుగులేనిచో చేపకు మేతలేదు. కావున 2018 మొదలు కొన్ని వేసవులలో, విద్యుత్తు గిరాకి తక్కువగానుండు శని ఆదివారములందు నీటిని తగ్గించి నిలకడగా నుంచిరి.

దీనిచే రైతునోటి నీరు పోవునా యని కొందరడుగుదురు. పోదు. ఏడాదికి దిగువకు పోవలసిన మొత్తము మారదు. వరదగా వదలిన నీరు దిగువనున్న మీడ్ జలాశయమునకే చేరును. నష్టము విద్యుత్తునకే. యంత్రముల శక్తిని మించిన నీటిని ప్రక్క గొట్టముల గుండా వదలవలసియుండుటచే ఆ మేరకు ఆదాయము తగ్గును. చౌక విద్యుత్తును కొను చిన్న పట్టణములకు, ఆదిమజాతులవారికి ఆ భారము తగులును. దీనిని దాచుట న్యాయము కాదు. తూచి భరించుటయే న్యాయము.

2021లో చబ్ చేపను అత్యంత ప్రమాదపు తరగతినుండి ఒక మెట్టు క్రిందికి దింపిరి. జలాశయమున మట్టము తగ్గి వెచ్చని నీరు దిగువకు పారుటయు ఇందుకొక కారణము. కాని ఆ వెచ్చదనమే వేరొక గండము తెచ్చిపెట్టెను. స్మాల్‌మౌత్ బాస్ అను పరదేశపు చేప, పిల్లచేపలను మ్రింగునది, 2022లో ఆనకట్ట దిగువను సంతానము పెట్టుచున్నట్లు కనబడెను. 2024లో దానిని అరికట్టుటకు అడుగునుండి చల్లని నీటిని కలిపి వదలిరి. ఏ చల్లదనము చబ్‌ను చంపినదో ఆ చల్లదనమే దానికి కాపు కావలసివచ్చెను! నీటి తలుపు త్రిప్పుట ఒక్కసారి వ్రాసి పెట్టెలో దాచు పత్రము కాదు. ఏటేట చూచి, కొలిచి, దిద్దుకొనవలసిన పని.

సోదరులారా, ఇదంతయు మనకేల యందురా? సముద్రములో విలస యనబడి, ఎర్రనీరు తగిలిన దినములలో గోదావరి కెదురెక్కి పులసయగు చేపను మీరెరుగుదురు. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత మనదే. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆ మేలు మరువరానిది. అయినను ఎదురెక్కు చేపకు అచట గోడ నిలిచినదనుటయు సత్యమే. పట్టుబడి సన్నగిల్లినదని జాలరులు చెప్పుచున్నారు. 2018లో కేంద్రప్రభుత్వము గంగకు, ఉన్నావు వరకు, తప్పక పారవలసిన నీటి పాళ్లను నిర్ణయించెను. ఆ యుత్తరువులో గోదావరి లేదు. ఎగువను పోలవరము వద్ద ఇంకొక ఆనకట్ట లేచుచున్నది.

కావున మన కోరికలు మూడు. గోదావరికిని నెలవారీగా పారవలసిన నీటిపాలు నిర్ణయింపబడవలెను. ఏ తలుపు ఎప్పుడెంత తెరచిరో ప్రజలు చదువునట్లు ప్రకటింపవలెను. ఆ నిర్ణయసభలో ఇంజనీరుప్రక్కను జాలరికిని ఆసనముండవలెను. తలుపు తెరచు నియమములను మనుష్యులే వ్రాయుదురు. అవి వ్రాయబడుచున్నపుడే మనము పలుకవలెను. ఈ పఠనమందిరమునుండి ఆ మనవి వ్రాసి పంపుటకు మీ చేవ్రాళ్లను కోరుచున్నాము.